పిడుదులు బతికే చోటు

ఆ ఏడు ఆఫీసులో మా టీమ్‌కి వచ్చిన పని పిడుదుల మ్యాప్. పశువుల రక్తం తాగే ఆ పురుగు ఎక్కడ బతకగలదో ముందే చెప్పాలి. వేడి, చలి, వాన, గాలిలో తేమ ఇస్తే కంప్యూటర్ మోడల్ మ్యాప్‌కి రంగులు వేస్తుంది. బతికే చోట ఎరుపు, బతకని చోట తెలుపు. మే నెలకి హైదరాబాద్ మొత్తం తెల్లగా వచ్చింది. తేమ లేకపోతే పిడుదు ఎండి చస్తుంది.

మేముండేది గోపన్‌పల్లిలో, ఓ అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో. గోడవతల ఖాళీ ప్లాట్లలో పాత ఊళ్లో ఉండే ఒకామె మేకలు మేపేది. ఓ ఆదివారం పొద్దున ఆమె మేక చెవి పట్టుకుని పిడుదులు పీకుతుంటే ఆగాను.

"ఇంత ఎండలో కూడా ఉంటాయా అక్కా?"

"ఇదివరకు ఎండలకు సచ్చేటియి. మూడేండ్ల సంది పోతలేవు. మీ గడ్డి జూడు, ఎప్పుడూ పచ్చగనే ఉంటది. ఆడికెల్లే వస్తున్నయి."

మా లాన్‌కి రెండు పూటలా శుద్ధి చేసిన మురుగునీళ్లు కొడతారు. తేమ కొలిచే చిన్న మీటర్ కొని గడ్డి మొదట్లో పెట్టాను. అక్కడ తేమ వానాకాలంలో ఉన్నట్టుంది. ఫోటో తీసి మా టీమ్ లీడ్‌కి చూపించాను.

"మన మ్యాప్‌లో ఒక్క గడిలోనే గచ్చిబౌలి నుంచి పటాన్‌చెరు దాకా పడుతుందండి. మీ లాన్ ఎక్కడ కనిపిస్తుంది?" అన్నాడు. మ్యాప్ అలాగే వెళ్లింది. నేనూ పట్టుబట్టలేదు.

జూన్‌లో మా అమ్మాయికి తల దువ్వుతుంటే చెవి వెనక ఏదో తగిలింది. పుట్టుమచ్చ అనుకున్నాను. దాని కాళ్లు కదిలాయి. ట్వీజర్‌తో లాగేశాను గానీ ఆరో రోజుకి పిల్లకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో డెంగీ అనుకున్నారు. పిడుదు సంగతి చెబితే డాక్టరమ్మ అరికాళ్లు తిప్పి చూసింది. సన్నటి ఎర్ర మచ్చలు.

"మీరు చెప్పకపోతే పిడుదు కాటు జ్వరమని నాకు తట్టేది కాదు" అని మందు మార్చింది. మూడో రోజుకి జ్వరం దిగింది.

ఇంటికొచ్చాక చూస్తే గోడవతల మేకల వెంట అక్క లేదు, ఆమె కోడలు ఉంది. "అత్తకు జ్వరం. దవాఖానల ఏసినం. ఎందుకొచ్చిందో ఎరుకైతలేదంటున్నరు" అంది.

ఆ పూటే కోడలితో వెళ్లి అక్కడి డాక్టర్‌కి అంతా చెప్పాను. ఆయన వెంటనే మందు మొదలుపెట్టాడు. అప్పటికే ఆమె మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నాలుగు రోజులకి పోయింది.

కోడలు మేకల్ని అమ్మేసింది. మేసేవి లేక ఆ ప్లాట్లలో గడ్డి నడుమెత్తు పెరిగింది. పిల్లల బంతి గోడ దాటినప్పుడల్లా ఎవరో ఒకరు దూకి తెస్తారు. నేను వాళ్లని వరసగా నిలబెట్టి మెడల మీద, చెవుల వెనక పిడుదుల కోసం చూస్తాను. తల్లులు నన్ను వింతగా చూస్తారు.