ఉన్ని గది చప్పుడు

నా చిన్నప్పుడు నాకు ఈర్ష్య ఎక్కువనేవారు. ఇప్పుడు తగ్గిందని నేను మాత్రం అనను. బతుకంతా సినిమాలకు శబ్దం పట్టే పని చేశాను. షూటింగు అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఫ్యాన్లు ఆపించి, ఆ గది ఉత్త చప్పుడును కాసేపు రికార్డు చేసుకుంటాం. రూమ్ టోన్ అంటాం దాన్ని. మాటకూ మాటకూ మధ్య కోత పడినచోట దాన్ని పరుస్తాం. పరవకపోతే చూసేవాళ్లకు చెవులు మూసుకుపోయినట్టుంటుంది. పరిస్తే ఆ సంగతే ఎవరికీ తెలియదు. తెలియని పనికి దండలెవరు వేస్తారు? దండలన్నీ పాటలు కట్టినవాళ్లకే. కింద కూర్చుని చప్పట్లు కొడుతూ కడుపు మండించుకున్నవాణ్ని నేను.

ఆ మంట మొదట పుట్టింది రామన్నపేట పక్కన మా ఊళ్లో, మా ఇంటి ఉన్ని గదిలో. మాది గొర్రెలు కాసే ఇల్లు. పోలీసు యాక్షన్ అయిపోయి రజాకార్లు పోయారు గానీ, నిజాం మీద కొట్లాడిన సంఘంలో తిరిగినవాళ్ల కోసం మిలిటరీ వాళ్లు ఊళ్లు గాలిస్తూనే ఉన్నారు. మా చిన్నాయిన దళంలో ఉండేవాడు. ఛాతీ పట్టేసి, నడవలేక ఇల్లు చేరాడు. మా అవ్వ తన చిన్నకొడుకుని గొంగళ్ల దొంతర వెనక పడుకోబెట్టింది. మనిషి దాగాడు, రొప్పు దాగలేదు. వాకిట్లోకి వినబడేది.

అందుకని అవ్వ ఆ గదిలో రాట్నం పెట్టి, మా పెద్దనాయిన బిడ్డ, మా అక్కను కూర్చోబెట్టింది. పొద్దంతా ఉన్ని వడకాలి, ఆ రొదలో రొప్పు మునిగిపోవాలి. ఇల్లంతా ఆమె చేతిలోనే ఉన్నట్టు అందరూ ఆమెనే చూసేవారు. అవ్వ ఆమె చేతులకు నూనె రాసేది, కొంగు ముడి విప్పి బెల్లం ముక్క ఆమెకే ఇచ్చేది. నాకు అప్పజెప్పింది దగ్గు పట్టిన గొర్రెపిల్లను. మందలోంచి విడదీసి తెచ్చి, అదే గదిలో గడప పక్కన నన్ను కూర్చోబెట్టి, ఒళ్లోంచి దించొద్దంది. దాని ముక్కు కారి నా తొడలు తడిసేవి. రాట్నం ఆడవాళ్లు తిప్పేదే, నాకు అది అక్కర్లేదు. అవ్వ అక్కను చూసే చూపు కావాలి. అక్క దారం తెగితే బాగుండునని కూడా కోరుకున్నాను.

చేసే పనేమీ లేక వినేవాణ్ని. రాట్నం రొద కింద రెండు రొప్పులుండేవి. గొర్రెపిల్లది పొట్టిది. చిన్నాయినది పొడుగు, చివర్లో సన్నటి ఈల. పోనుపోను నాకు రాట్నం వినబడటం మానేసి ఆ రెండే వినబడేవి.

ఒక మధ్యాహ్నం ఇద్దరు సిపాయిలు వచ్చారు. అవ్వ వాకిట్లో మంచినీళ్లిచ్చింది. అందులో ఒకడు ఉన్ని గది గడప దాకా వచ్చి అక్కను ఏదో అడిగాడు. ఆమె జవాబు రొదలో వినబడక, రాట్నం బంద్ చేయమని చెయ్యి ఊపాడు. అక్క ఆపింది. గదిలో చిన్నాయిన ఊపిరి ఒక్కటే మిగిలింది, ఆ ఈలతో సహా. గొర్రెపిల్లేమో రొప్పు మాని నా ఒళ్లో హాయిగా నిద్రపోతోంది. సిపాయి చెవి ఒగ్గి విన్నాడు. వాడి చూపు గొంగళ్ల వైపు తిరుగుతోంది.

అవ్వ వాడి వెనకే గడప దగ్గరికి వచ్చింది. నా ఒళ్లోకి చెయ్యి చూపింది.

"గొర్రెపిల్లకు రొప్పు లేసింది సారూ. పొద్దుమాపు గిదే సప్పుడు."

రోగపు పిల్లను ఇంట్లోకి ఎందుకు తెచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. దాని మెడలో మొహం దూర్చి, చిన్నాయిన ఊపిరి తీసినప్పుడే తీశాను, వదిలినప్పుడే వదిలాను. చివర్లో పళ్ల సందుల్లోంచి ఈల కూడా వేశాను. నా ఊపిరి వేడికి పిల్ల లేచి నిజంగానే దగ్గింది. సిపాయి దాని ముక్కు చూసి, మొహం చిట్లించుకుని, గడప తొక్కకుండానే వెనక్కి తిరిగాడు.

వాళ్లు ఊరు దాటాక అవ్వ వచ్చి అక్కను దగ్గరికి తీసుకుంది. దారం తెగనివ్వలేదని మెచ్చుకుంది. బెల్లం ఆమెకే పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. నేను చేసింది ఎవరికీ కనబడలేదా అని గొర్రెపిల్లను దించేసి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. అవ్వ నా తల మీద చెయ్యి వేసింది.

"అక్క సప్పుడు అక్కదని అందరికి తెల్వాలె కొడుకా. నీది నీదని తెలిస్తె, చిన్నాయిన మనకు దక్కడు."

అంతే. బెల్లం మాత్రం ఇవ్వలేదు.

చిన్నాయిన కోలుకున్నాడు, మనవలను ఎత్తుకున్నాడు. ఆ పూట సంగతి చెప్పినప్పుడల్లా అక్క రాట్నాన్నే పొగిడేవాడు. గొంగళ్ల వెనకున్న ఆయనకు కూడా నేను తీసిన రొప్పు గొర్రెపిల్లదే అనిపించిందట. నేను దిద్దలేదు. దిద్దాలని మాత్రం ప్రతిసారీ ఉండేది.

ఇప్పటికీ సినిమా హాలులో కూర్చుంటే, నేను పరిచిన చప్పుడు మీద నడుస్తూ జనం పాటకు ఈలలు వేస్తుంటే, ఆ పాత మంట లేస్తుంది. అప్పుడు ముక్కు కారే ఆ గొర్రెపిల్ల బరువు ఒళ్లో తగులుతుంది. హాలంతా ఒకసారి కలయజూస్తాను. ఎవరూ తల తిప్పలేదంటే, చిన్నాయిన దక్కినట్టే.