అడుగుల అరిసెలు

మొన్న బుధవారం పొద్దున్న శిక్షణ గదిలోకి అడుగుపెట్టేసరికి నా బల్ల మీద ఒక స్టీలు డబ్బా ఉంది. దాని మూత సందులోంచి బెల్లం పాకం, వేగిన నువ్వులు, నెయ్యి కలిసిన వాసన వచ్చి గదంతా పరుచుకుంది. అమలాపురంలో మేడ మీద అద్దెకు తీసుకున్న ఈ హాల్లో మామూలుగా ఉండే వాసనలు వేరు: రబ్బరు చాపలు, ఫినాయిలు, పిల్లల ఒంటికి పూసి తెచ్చే పౌడరు. మెడ నిలవని, కాళ్ళు బిగుసుకుపోయిన, వయసొచ్చినా నడక రాని చిన్నపిల్లలకు ఫిజియోథెరపీ చేసేచోట సహాయకులుగా పనిచెయ్యడానికి ఏడాదికో పదిమందిని నేనిక్కడ తయారుచేస్తుంటాను. ఇన్నేళ్ళలో అరిసెలు ఈ గదికి రావడం అదే మొదటిసారి.

తెచ్చింది మా దగ్గరికొచ్చే మూడేళ్ళ కార్తీక్ వాళ్ళమ్మ. కొత్తపేట నుంచి రోజూ బస్సులో వచ్చి శిక్షణ తీసుకునే దివ్య, వాడు మూడడుగులు వేశాడని ముందురోజు సాయంత్రం ఉండబట్టలేక ఆవిడకు ఫోన్ చేసి చెప్పేసింది. ఆవిడ తెల్లారగానే అరిసెలు కొని, ఉద్యోగానికి వెళ్తూ వెళ్తూ ఇక్కడ ఇచ్చేసి వెళ్ళింది. నేను కార్తీక్ ఫైలు తీసి చూశాను. ‘నడిచాడు’ అని రాసి ఉంది, పక్కన చిన్న పువ్వు బొమ్మ కూడా.

“నీ చెయ్యి ఎంత, వాడెంత?” అని అడిగాను.

దివ్య నా వంకా డబ్బా వంకా చూసింది. “నడుం దగ్గర పట్టుకున్నానండీ. కొంచెమేనండీ.”

ఆ కొంచెం ఎంతవుతుందో నాకు తెలుసు. డబ్బా మూత తియ్యనివ్వలేదు. అందర్నీ చాపల మీద కూర్చోబెట్టి, ఇన్నేళ్ళ పాఠాల్లో ఎప్పుడూ చెప్పని నా చిన్ననాటి సంగతి ఆ రోజు చెప్పాను. మా చెల్లి వేణి కూడా అక్కడే ఉంది. ఎప్పుడూ ఉండే కిటికీ పక్కన, చక్రాల కుర్చీలో, హాజరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వింటోంది. ఆ పుస్తకం తన పెత్తనం, నేను ఆలస్యంగా వచ్చినా అందులో పడుతుంది.

మా ఊరు రాజోలు పక్కన, పంటకాలువ గట్టు మీద. ఆషాఢంలో గోదావరి ఎర్రబడిందంటే మా కాలువా ఎర్రబడేది, మామ్మ బిందెలో ఇండుపగింజ అరగదీసి ఆ నీళ్ళు తేరేదాకా మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. శ్రావణంలో పెరడంతా తడిసిన కొబ్బరిపీచు వాసన, కార్తీకంలో తెల్లవారుజామున గట్టు మీద చలికి పళ్ళు టకటకలాడుతుంటే అరటిదొప్పల్లో దీపాలు, మాఘంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చినవాళ్ళ సంచుల్లో ఖర్జూరాలు, జీళ్ళు. మా నాన్నగారు కువైట్‌లో ఉండేవారు. ఆయన ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ పంపేవారు. అవి వచ్చిన రోజున మామ్మ చుట్ట ఆర్పి చెవి సందున దోపుకుని, టేప్‌రికార్డరు ముందు కొడుకే వచ్చి కూర్చున్నట్టు కొంగు సవరించుకుని కూర్చునేది.

మా వైపు పిల్లల ఎదుగుదలను పిండివంటలతో కొలిచేవారు. బిడ్డ బోర్లా పడిన రోజున బొబ్బట్లు, తనంత తను కూర్చున్న రోజున కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు. అరిసెలు వరసగా పరిచి, వాటి మీదుగా బిడ్డ చేత అడుగులు వేయించి, తరవాత వీధి వీధంతా పంచేవారు. ఇప్పుడు నేను గోడ మీద పటం చూపించి ఏ నెలకు ఏం రావాలో చెప్పే పాఠమంతా మా మామ్మకు మూకుట్లో ఉండేది. నాకు అన్నీ వేళకే చేశారట. నా తరవాత అయిదేళ్ళకు పుట్టిన వేణికి బొబ్బట్లు ఏడాది దాటాక గాని రాలేదు, కుడుములు రెండేళ్ళు నిండాక. అక్కడితో మా మూకుడు ఆగిపోయింది. అమ్మ మాత్రం అరిసెలకని కొత్తబెల్లం అచ్చులు జాడీలో పెట్టి, పాతబడితే తీసి వాడేసి, మళ్ళీ కొత్తవి పెడుతూ ఉండేది.

నాకు ఎనిమిదేళ్ళు, వేణికి మూడు. ఒక మధ్యాహ్నం పెరట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను, గోనెసంచి మీద కూర్చుని వేణి గవ్వలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ చూస్తోంది. ఏం తోచిందో, దాన్ని లేపి, దాని పాదాలు నా పాదాల మీద పెట్టుకుని, చంకల కింద చేతులు వేసి నడిపించాను. గడుల్లో మూడడుగులు. అది పగలబడి నవ్వింది. నేను దాన్ని సంచి మీద దించి వంటింట్లోకి పరిగెత్తి, “అమ్మా, వేణి అడుగులు వేసిందే” అన్నాను. నా చేతుల సంగతి, కాళ్ళ సంగతి చెప్పలేదు. అమ్మ మొహం చూడాలని కొంత, నిజం చెప్పాలంటే అరిసెల మీద ఆశ కొంత.

అమ్మ చేతిలో గరిట అలాగే ఉంది. “నువ్వు చూసేవా?” అంది.

“ఆయ్. చూసేనమ్మా.”

ఆ సాయంత్రమే బియ్యం నానబోసింది. మర్నాడు పక్కింటి ఇద్దరు వచ్చి అమ్మతో కలిసి తడిబియ్యం దంచారు. మామ్మ పొయ్యి ముందు కూర్చుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి వేలితో ఉండ చేసి చూసి, ఇంకా లేదు ఇంకా లేదు అంటూ, ఒక్కసారిగా దింపెయ్యమంది. వేగిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తడం అమ్మ వంతు. అమ్మ ఆ రోజు పాడుకుంటూ పని చేసింది, అంతకు ముందు గాని తరవాత గాని అమ్మ అలా పాడగా నేను వినలేదు. మొదటి వాయి డబ్బాలో సర్ది, ఆ పూటే కువైట్ బయలుదేరుతున్న మా వీధి చివరి సూర్యారావు గారి చేతికిచ్చి, “వేణి అడుగులవని చెప్పండి, అన్నయ్యగారూ” అంది.

సాయంత్రం పదిమంది ఆడవాళ్ళు వచ్చారు. అరిసెలు వరసగా పరిచారు. కొత్త గౌను వేసిన వేణిని అమ్మ వాటి ముందు నిలబెట్టి చేతులు వదిలింది. వేణి కాళ్ళు మడతపడి, అరిసెల మీదే కూలబడింది. “ఇంతమందిని చూసి బెదిరిందండీ, పాపం” అన్నారు ఎవరో. అమ్మ నా వంక చూసింది. నేను నేలచూపులు చూశాను. అమ్మ నవ్వు మొహంతోనే అందరికీ అరిసెలు పంచి పంపించేసింది.

మూకుడు తోముతూ, తల ఎత్తకుండా, “పట్టుకున్నావా?” అని అడిగింది. “ఆయ్” అన్నాను. కొట్టలేదు, తిట్టలేదు. “నాన్నగారికి చెప్పకు” అంది, అంతే. కొడితే బాగుండుననిపించింది.

నెల తిరిగేసరికి నాన్నగారి క్యాసెట్ వచ్చింది. అక్కడ తన గదిలో ఉండేవాళ్ళందరికీ తలా ఒకటి పెట్టేనని, పాప అడుగులని చెప్పేనని, ఆయన గొంతు మా వసారాలో పలుకుతుంటే అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. రెండేళ్ళకు సెలవు మీద వచ్చినప్పుడు ఆయన అడుగేస్తే కీచుమని పలికే ఎర్ర బూట్లు తెచ్చారు. గుమ్మంలోనే సంగతి అర్థమైంది ఆయనకు. వేణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బూట్లు తొడిగి, అడుగుభాగం తన అరచేత్తో ఒకటి తరవాత ఒకటి నొక్కారు. కీచు, కీచు. వేణి నవ్వుతోంది, ఆయన నొక్కుతూనే ఉన్నారు. ఆ శబ్దం పిల్లల చెప్పుల్లో ఇప్పటికీ ఎక్కడైనా వినిపిస్తే నేను దుకాణంలోంచి బయటికొచ్చేస్తాను.

వేసవిలో కాలువ కట్టేసేవారు. నీళ్ళు ఇంకిపోయిన కాలువ అడుగే మా పిల్లలందరికీ ఆటస్థలం. ఆల్చిప్పలు ఏరుకునేవాళ్ళం, బురదగుంటల్లో మిగిలిన చేపల్ని తువ్వాళ్ళతో పట్టేవాళ్ళం, గట్టు మీద ఎవరో ముంజలు కొడుతుంటే చేతులు చాపి నిలబడేవాళ్ళం. మామ్మ ఆ ఇసుకలో నడుం లోతు గొయ్యి తీసి, వేణిని అందులో నిలబెట్టి, చుట్టూ ఇసుక కప్పి, పైన తాటాకు గొడుగు పట్టేది. అలా నిలబెడితే కాళ్ళకు నిలబడడం తెలుస్తుందని ఆవిడ నమ్మకం. ఎవరు చెప్పారో తెలియదు గాని, ఇప్పుడు మేం పిల్లల్ని చెక్క చట్రంలో నిలబెట్టి పట్టీలు కట్టేదీ అందుకే. మామ్మ పోయాక ఆ పని నేను తీసుకున్నాను.

నాకు పదమూడేళ్ళు, వేణికి ఎనిమిది. ఆ మధ్యాహ్నం దాన్ని గోతిలోంచి పైకి తీసి, చెమ్మ ఆరని గట్టి ఇసుక మీద నిలబెట్టి, ఒంటికంటిన ఇసుక దులపడానికి చేతులు వదిలాను. పడలేదు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. అది నన్నే చూస్తూ, పెదవి కరిచిపెట్టి, కుడికాలు ఈడ్చి ఒకటి వేసింది. తరవాత ఎడమది. నాలుగు అడుగులు. నా చెయ్యి ఎక్కడా లేదు.

ఆనందం కన్నా ముందు నాకొచ్చిన ఆలోచన, అమ్మకు చెప్పాలని. అయిదేళ్ళుగా మోస్తున్నది దించుకోవచ్చని. వెనక్కి తిరిగి గట్టెక్కి పరిగెత్తాను. అమ్మ వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది.

“అమ్మా, వేణి నాలుగడుగులు వేసిందే. నేను పట్టుకోలేదు. ఒట్టు.”

తల ఎత్తలేదు. “ఆయ్. అలాగేనమ్మా” అంది, మెత్తగా. మళ్ళీ ఒక పిక్క తీసింది. ఆ మెత్తదనాన్ని నేనిప్పటికీ మరిచిపోలేను. తరవాత చటుక్కున తలెత్తి, “దాన్నక్కడ ఒక్కదాన్నీ వదిలేసొచ్చేవా?” అంటూ లేచింది. మేం వెళ్ళేసరికి వేణి గట్టు వైపు చెయ్యి చాపి బోర్లా పడి ఉంది, నోటినిండా ఇసుక, నవ్వుతోంది. అమ్మ మొహం తుడిచి, చంకనెత్తుకుని, గట్టెక్కి ఇంటివైపు నడిచింది.

వారానికి కాలువకు నీళ్ళు వదిలారు. మరుసటి వేసవికి వేణి మోకాళ్ళు మడత విడలేదు, ఆ తరవాత ఇక విడలేదు. మా ఇంట్లో అడుగుల మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఈ చదువు చదివింది అందుకే, దాచుకోవడానికేమీ లేదు. నాన్నగారు ముందు పోయారు, అమ్మ పోయి ఆరేళ్ళు. ఆ నాలుగడుగులూ నమ్మిందో లేదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

“అందుకే,” అన్నాను నా దగ్గర శిక్షణకొచ్చిన పిల్లలతో, “చెయ్యి ఎంత పట్టుకుందో అంతా రాయండి. నిజంగా వేసిన రోజున ఎక్కడికీ పరిగెత్తకండి. వాళ్ళమ్మ వచ్చి చూసేదాకా ఆగండి. మా వేణి వేసిన నాలుగు అడుగులు...”

“అయిదు,” అంది వేణి.

తన మాట నెమ్మదిగా వస్తుంది. మా గదిలో ఎవరూ తొందరపెట్టరు.

“నాలుగు నువ్వు చూసేవు. నువ్వు వెళ్ళిపోతుంటే... నీ వెనకాల ఇంకోటి వేసేను. అప్పుడు పడ్డాను.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?”

“నువ్వడగలేదు కదక్కా.”

చాపిన చెయ్యి చూసినదాన్నే, అది ఎవరి కోసం చాపిందో చూడలేదు. పరిగెత్తకుండా ఆగి ఉంటే చూసేదాన్ని. ఆ రోజు ఇక పాఠం సాగలేదు. సాయంత్రం కార్తీక్ వాళ్ళమ్మ రాగానే దివ్య తనే వెళ్ళి, పట్టుకున్నాననీ, తప్పుగా చెప్పాననీ ఒప్పుకుంది. ఆవిడ, “పట్టుకుంటేనైనా వేసేడు కదండీ” అని డబ్బా మూత తనే తీసి అందరికీ పెట్టింది.

ఆదివారం మా ఊరి మీదుగా వెళ్ళాను. కాలువకు సిమెంటు వేశారు, అడుగున ఇసుక లేదు. తాటిచెట్లూ కొట్టేశారు. అరిసెలు ఇప్పుడు అట్టపెట్టెల్లో అన్ని రోజులూ దొరుకుతాయి, ఎవరు ఏం సాధించినా ఒకటే రుచి. ఇంటికొచ్చి బియ్యం నానబోశాను. మర్నాడు మిక్సీలో పిండి పట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, పాకం చుక్క వేసి చూస్తూ కూర్చున్నాను. దింపెయ్యమని చెప్పడానికి మామ్మ లేదు, ఒత్తడానికి అమ్మ లేదు. పాకం ముదిరిపోయింది. గట్టిగా వచ్చిన అరిసెల్లో కాస్త మెత్తగా ఉన్నవి అయిదు ఏరి, పళ్ళెంలో వరసగా పరిచి వేణి ఒళ్ళో పెట్టాను. తను వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. నాలుగు తన వైపు జరుపుకుని, అయిదోది నాకిచ్చింది.