టేపు రెండో కొస

వెంకటముని తిరుపతిలో ఇంటిపన్ను కోసం ఇళ్లు కొలుస్తాడు. గడప తొక్కేముందే తలెత్తి మిద్దెమీది నీళ్ల ట్యాంకులు లెక్కపెడతాడు. ఇంటివాళ్లు చెప్పని గదుల సంగతి అవే చెప్పేస్తాయి. టేపు ఒక కొస వాళ్ల చేతికిచ్చి, "గట్టిగా పట్టుకోండబ్బా" అంటాడు. కొలత తగ్గాలని ఆ చెయ్యి మెల్లగా గోడ నుంచి లోపలికి జారుతుంది. ఎవరిది జానెడు జారుతుందో, ఎవరిది మూరెడు జారుతుందో చూడటం ఇరవై ఏళ్ల ఉద్యోగం తర్వాత కూడా ఆయనకు సరదానే.

కొండకింద సర్కారు పోరంబోకులో ప్రసూనాంబ రేకులిల్లు కొలిచిన రోజు మాత్రం టేపు బయటికి జారింది. ఇదేం వింత అని వెళ్లి చూస్తే, ఆమె గోడ దాటి, కుట్టుమిషను పెట్టుకున్న అరుగు చివరన కూర్చుని ఉంది.

"అక్కా, అంతదూరం పోతే పన్ను పెరగతాది."

"పెరగనీప్పా. మాకు పట్టా ల్యా. మేం ఈడుండామని చెప్పేదానికి నీ పన్ను రసీదొకటే ఉండాది. అరుగు దాంట్లో ల్యాకుంటే, రేపెవురన్నా వొచ్చి తీసెయ్యమంటే ఏం సూపించేది?"

వెంకటముని టేపు కొసను అరుగు అంచుకు సరిచేశాడు. తన కొస దగ్గరికి తిరిగి వెళ్లి, అలవాటు కొద్దీ "గట్టిగా పట్టుకోక్కా" అన్నాడు.

ఆమె అప్పటికే రెండు చేతులా నొక్కిపట్టుకుని ఉంది.