ఆగే బటన్ ఉన్న పెట్టె

లూపర్ అనే పెట్టె ఒకటి ఈ లోకంలో ఉందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా అక్క మొగుడు ప్రకాశం బావ. ఇవాళ ఉదయం ఆరాధనకు ముందు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, గిటారు భుజాన తగిలించుకుని, ఆ పెట్టె మీద కాలి బొటనవేలు ఆనించాను. మంచు పట్టిన ఇనుము చల్లదనం మోకాలి దాకా పాకింది. టక్ అని చిన్న చప్పుడు. ఎన్నిసార్లు విన్నా ఆ చప్పుడుకి నా గుండె పండక్కి కొత్త గౌను తొడుక్కున్న పిల్లలా గంతు వేస్తుంది. ఆ వెంటనే సుగుణత్త గుర్తొస్తుంది. కబురు బావ తెచ్చాడు గాని, ఆ పెట్టెను ఎన్నుకున్నదీ, దాన్ని ఎప్పుడు తొక్కాలో నాకు నేర్పినదీ ఆవిడే. గిటారుకు తీగలు మార్చడం తప్ప యంత్రాల సంగతేమీ ఎరగని మనిషి.

సుగుణత్త మాకు చుట్టం కాదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక కింది ఊళ్ళకు దిగిపోకుండా అరకు పైన మా కొండ ఊళ్ళోనే ఉండిపోయింది. మా బడి గెడ్డకు, అంటే కొండవాగుకు, అవతల ఉండేది. వానలు పట్టి గెడ్డ పొంగితే ఎన్నాళ్ళకు దాటగలమో చెప్పలేం. అందుకని మా అమ్మ నన్ను పంపలేదు. అక్షరాలు అమ్మ చెప్పింది, లెక్కలు నాన్న చెప్పాడు, మిగిలినదంతా సుగుణత్తే. పాటల పుస్తకంలో మాట మీద నా వేలు పెట్టించి చదివించేది, అదే వేలితో గిటారు తీగ నొక్కించేది. చదువు వేరు, పాట వేరు అని నాకు చాలాకాలం తెలియలేదు. దేవుడు నాకు బడి ఇవ్వలేదు గాని సుగుణత్తను ఇచ్చాడు. నేను పోగొట్టుకున్నది ఏమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను.

మా ప్రార్థన గుడిలో ఒక అలవాటు ఉంది. పాటలు సగం తెలుగులో, సగం కొండ ఒడియాలో పాడతాం. ఏ భాషలో పాడినా, చరణం చివర అందరి గొంతులూ ఆగేదాకా తరువాతి చరణం ఎత్తుకోం. ముందు వరసలో చాప మీద కూర్చునే ముసలమ్మలు చివరి మాటను సాగదీస్తారు. ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకుంటారు. అందరి వెనకా బుద్రమ్మ గొంతు ఒక్కటే సన్నగా మిగులుతుంది. అది కూడా ఆగాకే మళ్ళీ మొదలు. పన్నెండేళ్ళప్పుడు, వేళ్ళు కొంచెం తిరుగుతున్నాయన్న సంబరంలో, ఒక ఆదివారం నేను బుద్రమ్మ కోసం ఆగకుండా రెండో చరణానికి వెళ్ళిపోయాను. పక్కనే గిటారు వాయిస్తున్న సుగుణత్త చేయి చాచి నా తీగల మీద వేసింది. గుడంతా వింటుండగానే మెల్లగా అంది.

"ఏటే గుంటా, అంత బేగి ఎక్కడికెల్తన్నావు? బుద్రమ్మ ఇంకా ఆ మాటలోనే ఉంది. మనిషి లోపలుండగా తలుపేసేత్తావా?"

నాకు ఏడుపొచ్చింది. బుద్రమ్మ మాత్రం బోసినోటితో నవ్వి, "ఒగ్గీయమ్మా, గుంటకి ఆకలేసుంటాది" అంది.

అలా పదిహేనేళ్ళు ఇద్దరం వాయించాం. ఆవిడ తాళం పట్టేది, నేను పాట వరస వాయించేదాన్ని. ఆవిడ చేయి తీగల మీద పైకీ కిందికీ ఆడుతుంటే, విసనకర్రతో విసిరినట్టు తేలిగ్గా ఉండేది. ఆ గాలి మీద నా వరస కూర్చునేది. తరువాత ఆవిడ కుడిచేతికి వణుకు పట్టింది. మొదట టీ గ్లాసు తొణికింది. తరువాత తాళం తొణికింది. ఒక ఆదివారం గిటారు తీసి నా పక్కన గోడకు ఆనించి, తాను వెళ్ళి ముసలమ్మల చాప మీద కూర్చుంది.

ఒక్క గిటారుతో పాట బోసిపోయింది. నేను తాళం వాయిస్తే వరస ఉండదు, వరస వాయిస్తే తాళం ఉండదు. మా పాస్టరు గారు మంచివారే. కోతల పండుగ దగ్గరపడుతోంది, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా తొలి కాఫీ పళ్ళూ చోడి గింజలూ రాజ్‌మా మిరియాలూ తెచ్చి అర్పించే రోజు. "ఈసారి కింద నుంచి కీబోర్డు టీమును పిలుద్దామమ్మా. బాగుంటే ఇక ప్రతి ఆదివారం వాళ్ళనే రమ్మందాం. సుగుణమ్మ గారికి కూడా విశ్రాంతి" అన్నారు. సుగుణత్త ముఖం నేను చూశాను. అంతకు ముందు సంవత్సరం పక్క ఊళ్ళో అలాంటి టీము వాయిస్తుంటే మేమిద్దరం వెళ్ళాం. పాట పరుగెత్తింది. మొదటి చరణం సగంలోనే ముసలమ్మలు నోరు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూస్తూ కూర్చున్నారు. తిరిగి వచ్చే దారిలో సుగుణత్త ఒకే మాట అంది. "ఆ ముసిలోలు పాడ్డానికొచ్చారే. సినిమా సూడ్డానికొచ్చినట్టయిపోనాది."

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ వచ్చాడు. టూరిస్టులు దిగే ఒక రిసార్టులో వంటపని చేస్తాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"మరదలా, నిన్న మా కాడ ఒక పిల్ల పాడింది. ఒక్కర్తే. ఒకటే గిటారు. నాకు మూడు గిటార్లు వినపడినాయి."

"ఏం తాగావు బావా?" అన్నాను.

"ఒట్టు. కాలి కింద చిన్న పెట్టుంది. సబ్బుపెట్టంత. అది తొక్కి వాయించింది, మల్లీ తొక్కింది. ఆ పిల్ల చేతులు ఒదిలేసినా గిటారు మోగతానే ఉంది. ఇప్పుడేటో వాయించినావంటే దాన్ని మింగి, మల్లీ మల్లీ వాయిత్తాదంట. లూపరు అన్నాది."

నా ఒళ్ళు జల్లుమంది. గుడి నుంచి తెచ్చి మా ఇంటి గోడకు ఆనించిన సుగుణత్త గిటారు వైపు చూశాను. తాళం నేనే వాయించి ఆ పెట్టెకు అప్పగిస్తే, దాని మీద వరస కూడా నేనే వాయించవచ్చు. అప్పటికప్పుడు పరుగెత్తుకెళ్ళి సుగుణత్తకు చెప్పాను. ఆవిడ అంతా విని, "అది ఆగుద్దా?" అంది. పాట అయిపోయాక ఆగుతుందిలే అన్నాను. "అయిపోయాక కాదే" అంది.

పాస్టరు గారిని పండుగ దాకా గడువు అడిగి, ఇద్దరం రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం. సొరంగాలు వచ్చినప్పుడల్లా సుగుణత్త నా చెయ్యి పట్టుకుంది. వణుకుతున్నది ఆవిడ చెయ్యో నా చెయ్యో చీకట్లో తెలియలేదు, నేను అంత హుషారుగా ఉన్నాను. వాయిద్యాల దుకాణంలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. అమ్మే అతను మొదట పెద్ద పెట్టె తెచ్చాడు. నిండా లైట్లు.

"ఇందులో డ్రమ్స్ కూడా ఉంటాయి మేడమ్. ఎన్ని రకాలు కావాలంటే అన్ని."

"డప్పు కొట్టీవోలకి మా ఊళ్ళో కొదవ లేదు బాబూ. చిన్నది సూపించు" అంది సుగుణత్త.

ఒకే బటన్ ఉన్న బుల్లి పెట్టె తెచ్చాడు. ఒకసారి తొక్కితే వింటుంది, మళ్ళీ తొక్కితే విన్నది తిప్పి తిప్పి వాయిస్తుంది, ఇంకోసారి తొక్కితే దాని మీద కొత్తది కలుపుకుంటుంది. నాకు అదే నచ్చేసింది. ముద్దుగా ఉంది.

"ఆపాలంటే?" అంది సుగుణత్త.

"టకటకా రెండుసార్లు తొక్కాలి మేడమ్."

సుగుణత్త లేచి, చెప్పు విప్పింది. అతను వద్దంటున్నా వినలేదు. "మేం గుడిలో సెప్పులేసుకోం" అని వట్టి కాలితో తొక్కింది. ఆవిడ కాలి వేగం దానికి చాలలేదు. పాట ఆగకపోగా, కొత్తది కలుపుకోవడానికి ఎర్ర లైటు వెలిగింది. నేను తొక్కినా అంతే. చెప్పు లేని కాలికి ఆ బటన్ మీద రెండో దెబ్బ ఆలస్యంగా పడుతోంది.

"ఆగమంటే ఇంకోటి నెత్తికెత్తుకుంటంది. మా ఆయన లాగే ఉంది" అంది సుగుణత్త. దుకాణంలో వాళ్ళంతా నవ్వారు.

చివరికి అతను మూల నుంచి రెండు బటన్ల పెట్టె తీశాడు. ఎడమది తొక్కితే మొదలు, కుడిది తొక్కితే ఆగడం. మళ్ళీ ఎడమది తొక్కితే, దాచుకున్నది మొదటి నుంచి ఎత్తుకుంటుంది. "ఇంకేమీ ఉండవు మేడమ్. బిగినర్స్‌కి ఇస్తాం దీన్ని."

"ఆలెవలు?"

"ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు."

"అయితే మాకే" అంది. కరెంటు పోతే ఎలా అని కూడా ఆవిడే అడిగింది. సెల్‌ఫోనుకు పెట్టుకునే పవర్ బ్యాంకుతో నడిచే వైరు ఒకటి ఇప్పించింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ వైరు ఎన్ని ఆదివారాలు మా పాటను కాపాడిందో.

మర్నాడే సుగుణత్త అరుగు మీద మొదలుపెట్టాం. పక్కన కాఫీ పళ్ళు ఆరబోసి ఉన్నాయి, ఆ పులుపు వాసన ఇప్పుడు కూడా నా ముక్కుకు తగులుతోంది. గిటారుకు అతికించిన చిన్న మైకు వైరు పెట్టెలోకి, పెట్టె నుంచి స్పీకరుకి. తొక్కాను, నాలుగు పాదాల తాళం వాయించాను, చివరి దెబ్బ పడగానే మళ్ళీ తొక్కాను. పెట్టె నా తాళాన్ని నాకే వినిపించింది. కేకేశాను. కాని రెండో చుట్టు తిరిగేసరికి ఏదో కుంటింది. మూడో చుట్టులోనూ అక్కడే కుంటింది. థింసా ఆడే వరసలో ఒకరు అడుగు తప్పితే అందరి నడుములూ లాగినట్టుంది. పదిసార్లు చేశాను, పదిసార్లూ కుంటింది. సుగుణత్త కళ్ళు మూసుకుని వింది.

"నువ్వు అయిపోయిందని తొక్కుతన్నావే. అయిపోనప్పుడు కాదు. మల్లీ మొదలయినప్పుడు తొక్కు."

అర్థం కాలేదు. ఆవిడ వణికే చేత్తోనే నా మోకాలి మీద తాళం వేసి చూపించింది. చివరి దెబ్బ పడ్డాక కూడా దానికో ఊపిరి ఉంటుంది. ఆ ఊపిరి పూర్తయి, తరువాతి చుట్టు మొదటి దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ కాలు పడాలి. "ఒకటి" అన్నప్పుడు తొక్కాను. తాళం చక్రంలా తిరిగింది. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియలేదు. దాని మీద వరస వాయిస్తుంటే నవ్వు ఆగలేదు. సుగుణత్త కాఫీ పళ్ళను కాలితో తిరగేస్తూ, "ఓలమ్మా, నా చెయ్యి మల్లీ వచ్చేసినట్టుందే" అంది.

పండుగకు ముందు ఆదివారం గుడిలో వాయించాను. తప్పు అక్కడ చేశాను. ఆ తిరుగుడు నాకు ఎంత నచ్చిందంటే, చరణం చివర కుడి బటన్ తొక్కి దాన్ని ఆపడానికి మనసొప్పలేదు. మధ్యలో ఆపితే అందం పోతుందత్తా అని ముందురోజే వాదించాను. ఆవిడ సరే అంది. పాట మొదలైంది. పెట్టె తిరిగింది. ముసలమ్మలు చివరి మాట ఇంకా సాగదీస్తున్నారు, పెట్టె రెండో చరణంలోకి వెళ్ళిపోయింది, దాని వెంట నేనూ వెళ్ళిపోయాను. మూడో చరణానికి చాప మీద ఒక్కొక్క నోరూ మూతపడింది. చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. ఆ చేతులు చూశాక నాకు గిటారు బరువైపోయింది.

ప్రార్థన అయ్యాక బుద్రమ్మ నన్ను పిలిచి, "మీ పెట్టెకి ఏటంత తొందరమ్మా, సంతకెల్లాలా?" అంది. పాస్టరు గారు నొచ్చుకుంటూనే, టీముకు ఫోను చేయమంటారా అని అడిగారు. పెట్టెను వాపసు ఇచ్చేద్దామని నేను సుగుణత్తతో అన్నాను. ఆవిడ కోప్పడలేదు.

"ఎల్లడం ఏ పెట్టెకైనా తెలుసే. దుకానంలో సెప్పు ఇప్పి మరీ ఎందుకు ఏరినాను? నీకు రెండో బటనుంది. దాన్ని తొక్కడం నీకు సిన్నతనంగా ఉంది, అంతే."

నిజం అంతే. టీముకు అప్పుడే ఫోను చేయొద్దని పాస్టరు గారిని బతిమాలాను. ఆ వారమంతా తాళం నేర్చుకోలేదు, ఆగడం నేర్చుకున్నాను.

కోతల పండుగనాడు గుడి బయట దాకా జనం. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, బుట్టల్లో ఎర్రటి కాఫీ పళ్ళు. ఎడమ బటన్ తొక్కి, బుద్రమ్మ నడక ఎంతో అంత నెమ్మదిగా తాళం వాయించి, 'ఒకటి' దగ్గర మళ్ళీ తొక్కాను. తాళం తిరిగింది. వరస ఎత్తుకున్నాను. మొదటి చరణం చివరికి వచ్చింది. కుడి బటన్ తొక్కాను. తాళం ఆగింది, గుడిలో ముసలమ్మల గొంతులు మిగిలాయి. ఒక్కొక్కటే తగ్గింది. బుద్రమ్మ గొంతు కూడా ఆగింది. నేను కాలు ఎత్తాను. అప్పుడు వినపడింది, ఇంకో గొంతు. సన్నగా, చెయ్యిలాగే కొంచెం వణుకుతూ, ఇంకా ఆ మాటలోనే ఉంది. సుగుణత్తది. ఇన్నేళ్ళు గిటారు మోతలో ఆవిడ గొంతు నేనెప్పుడూ విడిగా వినలేదు. ఎత్తిన కాలు అలాగే గాలిలో ఉంచాను. అది ఆగింది. తొక్కాను. రెండో చరణం గుడి కప్పు ఎగిరిపోయేలా లేచింది. కొండ కింది నుంచి వచ్చినవాళ్ళు కూడా నోరు తెరిచారు. పాస్టరు గారు చప్పట్లు కొడుతూ ముసలమ్మల చాప పక్కన నిలబడిపోయారు. టీము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సుగుణత్తను పోయిన వానాకాలంలో ప్రభువు నిద్రలోనే పిలుచుకున్నాడు. ఆవిడ తాళం ఆ పెట్టెలో దాచి ఉందా అని కొందరు అడుగుతారు. లేదు. పాట అయిపోగానే చెరిపేయమని ఆవిడే అలవాటు చేసింది, "ఇయ్యేల పాటకి ఇయ్యేలే వాయించాల" అని. పెట్టె ఖాళీగానే ఉంటుంది. ఇవాళ ఉదయం కూడా చరణం చివర కుడి బటన్ తొక్కి, గొంతులన్నీ ఆగేదాకా ఉన్నాను. అన్నీ ఆగాక ఇంకొక్క ఊపిరంత సేపు కాలు గాలిలోనే ఉంచాను. అది అలవాటైపోయింది. ఆ ఊపిరి ఎవరిదో మా గుడిలో అందరికీ తెలుసు, ఎవరూ తొందర పెట్టరు.

మీలో ప్రార్థన చేసేవాళ్ళుంటే మీ ప్రార్థనలో ఒక పేరు చేర్చుకోండి. ఆ అలవాటు లేనివాళ్ళు, ఎప్పుడైనా నలుగురితో కలిసి పాడుతున్నప్పుడు పక్కన ఏదో ఒక గొంతు ఇంకా ఆగలేదని తెలిస్తే, అది ఆగేదాకా ఉండండి. ఆ కాస్త సేపు, మా సుగుణమ్మ నర్సమ్మను తలచుకోండి.