రొట్టెలో ఉంగరం

జనవరి, రెండో ఆదివారం, సాయంత్రం. సుల్తానాబాద్, రాజేశం ఇల్లు. ఉన్నవాళ్లు: బొగ్గుగనిలో చేసి రిటైరైన రాజేశం, ఆయన భార్య లచ్చవ్వ, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన అల్లుడు సురేష్, నా భార్య, నేను.

డైరీ ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను. సర్వేయరుగా పనిచేసిన అలవాటు. ఎవరెవరి ముందు హద్దురాయి పాతామో రాసుకోకపోతే తర్వాత తగాదా వస్తుంది. అయితే ఇన్నేళ్ల డైరీల్లో ఒక్క సంగతి మాత్రం రాయలేదు. ఏళ్ల తరబడి నేను మోసిన బరువు ఒక్క వాక్యం. అచ్చయిన వాక్యం. తప్పని తెలిసే రాశాను.

ఈ ఆదివారం దాకా ఎవరికీ చెప్పనిది, మీకు మొదటినుంచి చెబుతాను.

రిటైరయ్యాక సొంతంగా ఒక మ్యాజిక్ పుస్తకం వేసుకున్నాను. అందులో ట్రిక్కులన్నీ నేను కల్పించినవే. బొమ్మలు నేనే గీసి, ప్రూఫులు నేనే దిద్ది, కరీంనగర్ ప్రెస్సు నుంచి కట్టలు స్కూటర్ మీద ఇంటికి తెచ్చుకున్నాను. ముందుమాటలో 'ఇందులో దాచినదేమీ లేదు' అని రాశాను.

దాచాను మరి. అన్నింటిలోకి నాకు ఇష్టమైనది రొట్టె ట్రిక్కు. ఎదుటివాళ్ల ఉంగరం అడిగి తీసుకుంటాం. అది మాయమవుతుంది. పెనం మీంచి తీసిన జొన్నరొట్టెను చింపితే అందులోంచి పడుతుంది. ఇచ్చోడ దగ్గర కొలతలకు పోయినప్పుడు, మాకు తిండి పెట్టిన ఇంటావిడ పొంగిన రొట్టెను బట్టతో పట్టుకుని చింపుతుంటే తట్టిన ఆలోచన ఇది. రహస్యమంతా ఆ బట్టలోనే. వేడికి బట్టతో పట్టుకున్నామని అందరూ అనుకుంటారు. ఉంగరం ఉండేది దాని మడతలో. రొట్టె అంచు చింపగానే రెండు పొరల మధ్యకు జారిపోతుంది.

పుస్తకంలో బట్ట మాటే తీసేశాను. 'ఉంగరాన్ని పిండిముద్దలో పెట్టి రొట్టె కొట్టాలి' అని రాశాను. అలా చేస్తే రొట్టె పొంగదు, విరుగుతుంది. అన్నీ ఇచ్చేస్తే నాకంటూ ఏం మిగులుతుందన్న భయమా, లేక నాకన్నా బాగా ఎవరైనా చేస్తారేమోనన్న కుళ్లా? రెండూ అయి ఉంటాయి.

రాజేశం అప్పటికే కాలనీ పిల్లలకు చిన్న చిన్న మ్యాజిక్కులు చేసేవాడు. పుస్తకం చదివి నన్ను వెతుక్కుంటూ వచ్చి స్నేహితుడయ్యాడు. కూతురు పెళ్లయిన కొత్తలో, చుట్టాలందరి ముందు అల్లుడి పగడపుటుంగరం తీసుకుని పిండిలో పెట్టాడు. రొట్టె ముక్కలైంది. ఉంగరం పెనం మీద నల్లబడింది. పగడం పగిలింది. నేనక్కడ లేను. మర్నాడు ఆయనే వచ్చి చెప్పాడు.

"పుస్తకంల ఎట్లున్నదో గట్లనే చేసిన సార్. మా ఇంటామె, తను కొట్టినా గా రొట్టె ఇరుగుతదంటది. అచ్చుల ఉన్నది తప్పెట్లయితది? తప్పు నా చేతులది. బొగ్గు పట్టిన చేతులు గదా, గీ నాజూకు పని వాటికేం తెలుస్తది."

"అందరికీ రాదులే, రాజేశం," అన్నాను.

చూశారా. పుస్తకంలో రాసినదానికన్నా పెద్ద తప్పు ఇది. అప్పటినుంచి రాజేశం పేకముక్క కూడా ముట్టలేదు. పిల్లలు చుట్టూ మూగి అడిగితే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

మొన్న పుస్తకం మళ్లీ వేద్దామనుకున్నాను. ప్రెస్సు ఆయన, 'తప్పులుంటే దిద్ది పంపండి' అన్నాడు. ఆయన అడిగింది అచ్చుతప్పుల గురించే. నాకు మాత్రం ఆ రొట్టె వాక్యమే గుర్తొచ్చింది. తెలిసి రాసిన అబద్ధాన్ని రెండోసారి కూడా అచ్చు వేయించడమా?

అందుకే ఆదివారం సుల్తానాబాద్ పోయాం. లచ్చవ్వ రొట్టెలు కొడుతోంది. సురేష్‌ను ఉంగరం అడిగాను. అదే ఉంగరం, అదే పగిలిన పగడం.

"మామా, సార్‌కు గూడ ఇయ్యాల్నా? మిగిలిన పగడం గూడ పోతదేమో."

"ఇయ్యి బిడ్డా. సార్ చేతిల పడ్డంక ఫికర్ లేదు," అన్నాడు రాజేశం.

ఆ మాటతో నా పని మరింత కష్టమైంది. ట్రిక్కు చేశాను. రొట్టెలోంచి ఉంగరం పడింది. సురేష్ ఈల వేశాడు. అప్పుడు బట్ట మడత విప్పి, అది ఎక్కడ దాగిందో చూపించాను. పుస్తకంలో ఏం రాశానో, ఎందుకు రాశానో కూడా చెప్పాను.

"నేను గప్పుడే చెప్పిన," అంది లచ్చవ్వ, పెనంతో అన్నట్టుగా.

రాజేశం తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చేతులు మంచియేనన్నట్టు."

అంతే. తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. తినేటప్పుడు నా వైపు చూడకుండానే పప్పు గిన్నె జరిపాడు. తిరుగు బస్సులో నాకు ఎందుకో నవ్వు ఆగలేదు. నా భార్య వింతగా చూసి, "గింత పాపం చేసి గింత కుషీగ ఉన్నోన్ని నిన్నే చూస్తున్న," అంది.

మీలో ఎవరైనా ఆ పుస్తకం కొని, రొట్టె విరగ్గొట్టుకుని ఉంటే, మీ చేతులూ మంచివే. తప్పు నాది.

సోమవారం పొద్దున కూర్చుని ప్రెస్సుకు దిద్దుబాటు రాస్తుండగా లచ్చవ్వ ఫోన్ చేసింది.

"అన్నా, పొద్దుగాల్నుంచి నా ఉంగరం దొరుకుతలేదు. ఇల్లంత రొట్టె ముక్కలే. ఈయననడిగితే నవ్వుతుండు గని చెప్తలేడు."

ఆయనకు ఫోన్ ఇవ్వమన్నాను. మళ్లీ ఆమే మాట్లాడింది.

"ఇస్తున్న గని తీసుకుంటలేడన్నా. చేతులు ఖాళీ లెవ్వంటుండు."