బిగుసుకుపోయిన ప్రొసీజర్

మా కంపెనీ తయారుచేసే డేటాబేస్‌కు స్టోర్డ్ ప్రొసీజర్లు చేర్చే పని నాకప్పగించారు. ఒక పనికి కావలసిన ఆజ్ఞలన్నీ డేటాబేస్‌లోనే దాచిపెడితే, పేరుతో పిలవగానే అవి వరుసగా నడవాలి. నడిచేవి కూడా. కానీ ఒక ప్రొసీజర్ ఇంకోదాన్ని పిలిస్తే మొత్తం బిగుసుకుపోయేది.

ఆ మధ్యాహ్నమే బెంగళూరు ఆఫీసులో కస్టమర్‌కు చూపించాలి. ధర్మవరంలో రైలెక్కినప్పటి నుంచీ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తప్పెక్కడుందో వెతుకుతూనే ఉన్నాను. పెనుకొండ దగ్గర తప్పు దొరికిందనుకుని, సరిచేసి నడిపాను. మళ్లీ బిగుసుకుపోయింది. ఇక చేతులాడలేదు. ఏడుపొచ్చేసింది.

పక్క సీటులోని అవ్వ నా భుజం పట్టుకుంది.

"ఏమ్మా, ఎవురన్నా పోయినారా?"

"లేదవ్వా. ఆఫీసు పని నాతో కాకుండా ఉండాది."

"కానప్పుడు కాలేదని చెప్పల్ల గదమ్మా. ఏడిస్తే అయితాదా?"

హిందూపురంలో రైలు ఆగగానే మా టీమ్ లీడ్‌కు ఫోన్ చేశాను. "సార్, నావల్ల కాలేదు. ఒకటి ఇంకోదాన్ని పిలిచేది వదిలేసి, మిగతాది చూపిద్దామా?"

"వాళ్లు అడిగిందే అది కదమ్మా," అన్నారాయన.

బెంగళూరు చేరేదాకా వెతికాను. దొరకలేదు. మిగతాదే చూపించాం. కస్టమర్ మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు.