గొర్లు లేకుండా ఊరు విడిచినప్పుడు

షోలాపూర్ పోయేటప్పుడు భయమేసిందా అని అడిగావు కదా బిడ్డా. భయం కంటే అనుమానమే ఎక్కువ. నేత పని సాగక ఇంట్లో మగ్గం గుంట పూడ్చేసి, మీ తాతా నేనూ కొత్తకోటలో బస్సు కోసం కూర్చున్నాం. పక్కనే ఒక గొర్లమంద ఆగింది. ఊళ్లు తిరిగే మనుషులు, ఏమన్నా ఎత్తుకుపోతారేమోనని నేను మా మూటను దగ్గరికి లాక్కున్నాను. మందతో వచ్చినామె కూడా తన బిడ్డను నాకు దూరంగా జరిపింది.

“గొర్లు లేవు, మేకలు లేవు. ఊరెందుకు ఇడిసిండ్రు? ఏం జేసిండ్రు?” అంది.

“ఏం జెయ్యలే. షోలాపూర్ల బట్టల మిల్లులల్ల పని దొరుకుతదట. నువ్వూ తిరిగేదానివే గదా అక్కా?”

“మేం పోయేకాడ గొర్ల ఎరువు కోసం రైతులు చేను ఖాళీ పెట్టి ఎదురుసూస్తరు. ఆడ మీకోసం ఎవరు సూస్తున్నరు?”

నేను మీ తాత వైపు తిరిగి అదే అడిగాను. ఆయన లేచి, బస్సు వస్తోందేమో చూడ్డానికి రోడ్డు మీదికి నడిచాడు. షోలాపూర్‌లోనే ముసలివాళ్లమయ్యాం. ఆ మాటకు మాత్రం ఆయన జవాబు చెప్పనే లేదు.